చదవాల్సిన పుస్తకాల జాబితాను చదవాలనిపించేలా సర్దుకోవడం ఎలా?

2019 సంక్రాంతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కూర్చుని నా పుస్తకాల జాబితా లెక్కపెట్టాను. 152 పేర్లు తేలాయి. అప్పటికి నాలుగు నెలలుగా ఒక్క పుస్తకం కూడా చివరిదాకా చదవలేదు. ఏది తెరిచినా మిగతా 151 గుర్తొచ్చేవి. ఇది తొందరగా ముగించి ఇంకోటి పట్టుకోవాలన్న ఆత్రంలో కళ్లముందున్న పేజీ మీద మనసు నిలిచేది కాదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా ఊరి గ్రంథాలయం అరుగు మీద కూర్చుని, అన్నానికి పిలిచినా లేవకుండా చదివినదాన్ని. నాకే ఇలా జరిగేసరికి నిజంగా భయమేసింది.

ఆ వారంలోనే జాబితానంతా విప్పి, వడగట్టి, మళ్లీ కట్టుకున్నాను. అప్పుడు మొదలైన పద్ధతినే చిన్నచిన్న మార్పులతో ఇప్పటికీ నడుపుతున్నాను. మీ జాబితా కూడా బరువెక్కిందనిపిస్తే రెండు ఆదివారాలు దీనికి కేటాయించండి. ఒక నోటుబుక్కు, పెన్సిలు చాలు. ఫోనులో రాసుకునే అలవాటుంటే అదైనా సరే. ఒక్క షరతు: అన్నీ ఒకేచోట ఉండాలి.

మొదటి మెట్టు: చెల్లాచెదురైనవన్నీ ఒకచోటికి

మన జాబితా ఎప్పుడూ ఒకచోట ఉండదు. డైరీ వెనక పేజీల్లో కొంత, వాట్సాప్‌లో మనకు మనమే పంపుకున్న మెసేజీల్లో కొంత, ఆదివారం అనుబంధంలో సమీక్ష చదివి ఫోనుతో తీసిన ఫొటోల్లో కొంత, ఎగ్జిబిషన్‌లో తెచ్చుకున్న ప్రచురణకర్తల కేటలాగులో టిక్కులు పెట్టుకున్నవి కొంత. వీటికి బీరువాలో కొని చదవనివి అదనం. అన్నిటినీ ఒక పట్టికలోకి ఎక్కించండి. నాకు ఈ పని చేస్తుంటేనే 9 పేర్లు రెండేసిసార్లు కనిపించాయి. అవి తీసేస్తే 143 మిగిలాయి.

ఇంట్లో ఉన్నవాటి పక్కన చిన్న చుక్క పెట్టండి. ఇది తర్వాత పనికొస్తుంది. నా 143లో 58కి చుక్క పడింది. అంటే డబ్బు పెట్టి కొని, దుమ్ము దులుపుతూ, చదవకుండా ఉంచినవి 58.

రెండో మెట్టు: పేరు పక్కన ‘ఎందుకు’ రాయడం

మొత్తం పద్ధతికి ఆయువుపట్టు ఇదే. మిగతా మెట్లు మీకు నచ్చినట్టు మార్చుకోండి, దీన్ని మాత్రం వదలకండి.

ప్రతి పుస్తకం పక్కన రెండు సంగతులు రాయండి. ఎవరు చెప్పారు? నేను ఎందుకు చదవాలనుకున్నాను? ఒక్కో వాక్యం చాలు. ‘మంచి పుస్తకమట’ అని మాత్రం రాయకూడదు. అది పుస్తకం గురించి చెబుతుందే గాని మీ గురించి చెప్పదు. ‘మా తాత రజాకార్ల కాలం గురించి చెప్పింది సగమే, మిగతా సగం తెలుసుకోవాలని’ అని రాసుకుంటే అది కారణం. ‘అమ్మ పెళ్లికి ముందు వారపత్రికలో చదివి ఏడ్చానని చెప్పిన నవల’ అంటే అదీ కారణమే. ‘వేపచెట్టు కొమ్మలు ఎందుకు ఎండిపోతున్నాయో అర్థం చేసుకోవాలి’ అన్నది ఇంకా మంచి కారణం.

రాయడం మొదలుపెట్టాక మూడు రకాలు బయటపడతాయి.

కొన్నిటికి కారణం వెంటనే తడుతుంది, రాస్తుంటేనే పుస్తకం తెరవాలనిపిస్తుంది. వాటికి ఢోకా లేదు.

కొన్నిటికి కారణం ఒకప్పుడు ఉంది, ఇప్పుడు లేదు. పోటీ పరీక్షలకు చదివే రోజుల్లో రాసుకున్న చరిత్ర పుస్తకాలు, పిల్లాడు కడుపులో ఉండగా రాసుకున్న పెంపకం పుస్తకాలు ఇలాంటివి. నా పట్టికలో చంటిపిల్లల ఆహారం మీద రెండు పుస్తకాలు ఉండేవి. వాడప్పటికి ఏడో తరగతి. కారణం తీరిపోయాక పేరు ఉండాల్సిన పనిలేదు, మనసులో ఏ బాధా పెట్టుకోకుండా కొట్టేయండి.

మూడో రకమే కష్టం. వాటికి కారణం వెతికితే దొరికేది సిగ్గు ఒక్కటే. ‘తెలుగువాళ్లమై ఉండి ఇది చదవకపోతే ఎలా’, ‘అందరూ మాట్లాడుతుంటే నాకు తెలియకపోతే ఎలా’. ఈ సిగ్గు చెడ్డదని నేననను. కొన్ని గొప్ప పుస్తకాలు నాచేత చదివించింది అదే. కానీ సిగ్గు ఒక్కటే నిలబెడుతున్న పేరును చేతికందే వరుసలో ఉంచకండి. పక్కన ‘సిగ్గు’ అనే రాయండి. ఎప్పుడో ఒకరోజు ఆ పుస్తకంలోని ఒక పాత్రనో, పద్యాన్నో ఎవరైనా ప్రేమగా చెప్పినప్పుడు అసలు కారణం పుడుతుంది. అప్పటిదాకా అది ఎక్కడుండాలో నాలుగో మెట్టులో చెబుతాను.

ఇక్కడే మన తెలుగు సాహిత్య లోకంలో అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. ఆవిష్కరణ సభకు వెళ్తాం, తెలిసిన రచయిత సంతకం చేసి పుస్తకం చేతిలో పెడతారు. నెల తర్వాత ఫోనులో ‘చదివారా అమ్మా?’ అంటారు. ఇలాంటివి నా దగ్గర పదకొండు పేరుకుపోయి, ఆ మనుషులకు ఎదురుపడాలంటేనే మొహం చెల్లని పరిస్థితి వచ్చింది. ఇప్పుడు నేను చేసేది ఇది. పుస్తకం అందుకున్న వారంలోనే ముందుమాట వదిలేసి, లోపల ఒక కథో, నాలుగు కవితలో శ్రద్ధగా చదువుతాను. చదివినదాని గురించి నిజంగా అనిపించిన ఒక్క మాట ఫోను చేసి చెబుతాను: ‘సార్, మీ పుస్తకంలో బావి పూడ్చే కథ చదివాను, చివర ఆ ముసలాయన తాడు చుట్టుకుని వెళ్లిపోవడం బాగా పట్టింది.’ మొత్తం చదివేశానని ఎన్నడూ చెప్పను. రచయితకు కావాల్సింది శ్రద్ధగా చదివిన ఒక్క మనిషి. ఆ కథ లాగితే మిగతావీ చదువుతాను, లేకపోతే ఆ పుస్తకం జాబితాలోకి ఎక్కదు.

ఈ మెట్టు దాటేసరికి నా 143లో 61 పోయాయి. 82 మిగిలాయి. రెండు సాయంత్రాలు పట్టింది. తొందరపడితే కారణాలు అబద్ధాలవుతాయి, నిదానంగా చేయండి.

మూడో మెట్టు: మీ నడక ఎంతో కొలుచుకోండి

గడియారం పెట్టుకుని అరగంట చదవండి. మామూలు వేగంతోనే. నాకు సాదా వచనంలో అరగంటకు 18 పేజీలు అయ్యాయి. వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున కుదురుతుంది, అంటే 90 పేజీలు. ఏడాదిలో పెళ్లిళ్లు, పండగలు, పిల్లల పరీక్షలు, ఆఫీసులో మార్చి నెల తీసేస్తే నాకు చదువు సాగేది 42 వారాలు. మొత్తం 3,780 పేజీలు. పుస్తకం సగటున 210 పేజీలనుకుంటే ఏడాదికి 18 పుస్తకాలు.

ఈ 18 అన్న అంకె చూసి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. 143 పుస్తకాలకు దాదాపు ఎనిమిదేళ్లు, అదీ మధ్యలో ఒక్కటి కూడా కొత్తగా చేరకపోతే. వడపోసిన 82కి కూడా నాలుగున్నరేళ్లు. మీ లెక్క మీరు వేసుకోండి, అందులో సాగదీయడం వద్దు. ‘రేపటినుంచి రోజూ రెండు గంటలు చదువుతాను’ అన్న అంచనాతో వేసిన లెక్క జాబితాను మళ్లీ బరువెక్కిస్తుంది. గడిచిన నెలలో నిజంగా ఎంత చదివారో అదే ప్రమాణం.

నాలుగో మెట్టు: చేతిలో, వరుసలో, అటక మీద

మిగిలిన పేర్లను మూడు చోట్లకు పంచాలి.

చేతిలో ఉండేవి మూడే. ఒకటి కాదు, అయిదు కాదు. ఒక్కటే పెట్టుకుంటే అది నడవని రోజున చదవడమే ఆగిపోతుంది, ఫోను చేతికొస్తుంది. అయిదైతే ఏదీ ముందుకు సాగదు. ఈ మూడూ ఒకే జాతివి కాకూడదు. నా దగ్గర ఎప్పుడూ ఉండేవి: నిండా మునగగలిగే నవలో, జీవితచరిత్రో ఒకటి, ఇది రాత్రికి. తెలివి తాజాగా ఉండగా చదవాల్సింది ఒకటి, ఇది పొద్దున్నే కాఫీతో నాలుగు పేజీలు. మూడోదాన్ని నేను కొసరు పుస్తకం అంటాను. కథల సంపుటి, కవిత్వం, వ్యాసాలు, ఉత్తరాలు, ఎక్కడ తెరిచినా పది నిమిషాల్లో ఒక ముక్క పూర్తయ్యేది. ఇది బ్యాగులో ఉంటుంది. బస్సుకోసం, డాక్టరు దగ్గర టోకెన్ కోసం ఎదురుచూసే సమయమంతా దీనిదే. నాలుగు నెలల కరువు తర్వాత నేను మొదట పూర్తి చేసింది కొసరు పుస్తకమే.

వరుసలో ఏడు. చేతిలో ఒకటి ఖాళీ అయితే ఈ ఏడింటిలోంచి ఆ పూట మనసు అడిగింది తీసుకోవాలి. నెంబర్లు వేసి, ఆ క్రమంలోనే చదవాలని పంతం పట్టొద్దు. వర్షాకాలంలో చదవాలనిపించేది వేరు, ఇంట్లో మనిషి పోయిన నెలలో చదవగలిగేది వేరు. ఈ ఏడింట్లో కనీసం నాలుగు మీరు చుక్క పెట్టినవై ఉండాలి, అంటే ఇంట్లో ఉన్నవి.

మిగతావన్నీ అటక మీదికి. నా లెక్కలో 72. పని అటకెక్కిందంటే ఆగిపోయిందని మనం నొచ్చుకుంటాం గాని, ఇళ్లల్లో అటక ఉన్నది అవసరమైనప్పుడు దించుకోవడానికే. బొమ్మల కొలువు బొమ్మలూ అక్కడే ఉంటాయి, ఆవకాయ జాడీలూ అక్కడే ఉంటాయి. పక్కన ‘సిగ్గు’ అని రాసినవాటి చోటు కూడా ఇదే. అటక పేజీని నోటుబుక్కు చివర రాయండి, రోజూ కంటపడకూడదు.

అయిదో మెట్టు: ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఓపిక పట్టాలి

మొదలుపెట్టిన పుస్తకం నచ్చకపోతే ఎన్ని పేజీల దాకా చూడాలి? సియాటిల్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన లెక్క చాలామందికి తెలుసు: 50 పేజీలు చూడండి, మీకు యాభై దాటితే వందలోంచి మీ వయసు తీసేసి అన్ని పేజీలే చూడండి. అరవై ఏళ్లవారికి 40 పేజీలు చాలన్నమాట. మంచి సూత్రం. అయితే తెలుగు పుస్తకాలకు దీన్ని యథాతథంగా పెట్టేస్తే మూడుచోట్ల నష్టపోతాం.

మొదటిది, మాండలికం. మీది గుంటూరై, పుస్తకం చిత్తూరు యాసలోనో, శ్రీకాకుళం యాసలోనో ఉంటే మొదటి ముప్పై పేజీలు రాళ్లబాటలా ఉంటాయి. నల్గొండ మనిషికి గోదావరి యాసతో కూడా ఇదే అనుభవం. అది పుస్తకం తప్పు కాదు, మన చెవి ఇంకా కుదురుకోలేదు. ఇలాంటివాటికి ఇంకో ముప్పై పేజీలు ఎక్కువ ఇవ్వండి, మొదటి రెండు అధ్యాయాలు పైకి చదవండి. సంభాషణ నాలుక మీద పలికితే కంటికి అర్థం కానిది చెవికి అర్థమవుతుంది. నాకు బాగా ఇష్టమైన నవలల్లో రెండు ఇలా బతికి బయటపడ్డవే. గ్రాంథికానికీ ఇదే మందు.

రెండోది, సీరియల్‌గా వచ్చిన నవలలు. మన పాపులర్ నవలల్లో చాలావరకు ముందు వారపత్రికల్లో వచ్చి తర్వాత పుస్తకాలయ్యాయి. వారం ఆగి చదివే పాఠకురాలిని పట్టి ఉంచడానికి ప్రతి భాగం చివర ఒక మలుపు, మొదట్లో జరిగిన కథ గుర్తుచేసే నాలుగు ముక్కలు ఉంటాయి. ఏకబిగిన వంద పేజీలు చదివితే ఆ మలుపులే విసుగు పుట్టిస్తాయి. పూటకు ఒకటి రెండు భాగాలు చదివి ఆపండి. రచయిత ఉద్దేశించిన నడక అదే. మా అమ్మతరం వాళ్లకు వాటిమీద అంత ప్రేమ ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

మూడోది, అచ్చు. వెలిసిన అక్షరాలు, ఇరుకు వరసలు, వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్. ఇవి పుస్తకం మీద అకారణంగా కోపం తెప్పిస్తాయి. నలభై దాటాక ఇది మరీ నిజం. పుస్తకం నచ్చలేదని కొట్టేసేముందు ఇంకో ప్రతి దొరుకుతుందేమో చూడండి, కళ్లద్దాల పవరు కూడా చూపించుకోండి. ఫోనులో పీడీఎఫ్ చదవలేక నేను వదిలేసిన ఒక ఆత్మకథ, రెండేళ్ల తర్వాత పుస్తకంగా దొరికితే మూడు రాత్రుల్లో అయిపోయింది.

ఈ మూడూ కాకుండా, కేవలం మనసు పట్టకపోతే ఆపేయండి. చిన్న పుస్తకాలకు 50 పేజీలు ఎక్కువే, 120 పేజీల నవలిక పాతిక పేజీల్లో తన సంగతి చెప్పేస్తుంది. ఆపినచోట పేజీ నెంబరు, ఆపిన కారణం రాసుకోండి. ‘పే. 64, అత్త పాత్ర ఒకే మాట తిప్పితిప్పి అంటోంది’ అని. ఆర్నెల్ల తర్వాత తిరిగి తెరవాలా వద్దా అన్నది ఆ ఒక్క వాక్యం తేల్చేస్తుంది.

ఆపేసిన పుస్తకం ఇంట్లో ఉంటే మాత్రం ఎవరికైనా ఇవ్వండి. మన గ్రంథాలయశాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని. మీరు కాకపోతే మీ పక్కింటివాళ్లు కావచ్చు.

ఆరో మెట్టు: కొండలాంటి పుస్తకాలు

అటక మీద తప్పకుండా రెండు మూడు బృహద్గ్రంథాలు ఉంటాయి. వాటిని మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా ఒక్క ఊపున చదవాలన్న పట్టుదలే వాటిని అక్కడ ఉంచేస్తోంది.

తెలుగు భారతాన్నే తీసుకుందాం. ఆదిపర్వంతో మొదలుపెట్టి మూడుసార్లు ఆగిపోయాను. తర్వాత తట్టింది, తిక్కనగారే ఆదినుంచి మొదలుపెట్టలేదు కదా అని. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపితే, ఆ మిగిలిన భాగాన్ని అలాగే ఉంచి, పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వంతో ప్రారంభించి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. ఆ ఖాళీని పూరించింది తర్వాత వచ్చిన ఎర్రన. మనమూ విరాటపర్వంతో మొదలుపెట్టవచ్చు. మారువేషాలు, కీచకుడు, గోగ్రహణం, ఒక కథ తనంతట తానుగా నిండుగా ఉంటుంది. వానలు పడకపోతే విరాటపర్వం చదివించుకునే ఆనవాయితీ ఉన్న ఊళ్లు మనవి, వినడానికి అంత అనువైనది కాబట్టే అది జనంలో నిలిచింది. ప్రతిపదార్థ తాత్పర్యాలతో తిరుమల తిరుపతి దేవస్థానంవారు వేసిన ప్రతి దొరికితే ఇంకా హాయి. రోజుకు పది పద్యాలు, ముందు పైకి చదవడం, తర్వాత తాత్పర్యం చూడటం, మళ్లీ ఒకసారి పైకి చదవడం. నేను పొద్దుటి పుస్తకంగా ఇలాగే పెట్టుకున్నాను.

వెయ్యి పేజీల నవలలకు ఇంకో మార్గం. జాబితాలో దాన్ని ఒక పేరుగా కాక, వంద పేజీల ముక్కలుగా రాసుకోండి. ముక్కకూ ముక్కకూ మధ్య ఒక చిన్న పుస్తకం చదివి రండి. ఆపేముందు, అప్పటిదాకా ఏం జరిగిందో, ఎవరు ఎవరికి ఏమవుతారో అయిదు వాక్యాలు రాసి పుస్తకంలోనే పెట్టండి. నెల తర్వాత తిరిగి తెరిచినా దారి తప్పరు.

ఏడో మెట్టు: కొత్తవాటికి గుమ్మం

పాతవి ఎంత సర్దినా గుమ్మం తెరిచి ఉంటే ఆరు నెలల్లో మళ్లీ అదే స్థితి. ముఖ్యంగా డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ దుమ్ములో, ఆ మైకు ప్రకటనల మధ్య, కొత్త కాగితం వాసనలో ఎవరం ఆగగలం? నేను వెళ్లడం మానలేదు, మాననూ. వెళ్లేముందు వరుసలోని ఏడూ, అటక మీదివీ ఒకసారి చదువుకుని వెళ్తాను. మొదటి రోజు ఏమీ కొనను, స్టాళ్లన్నీ తిరిగి రాసుకుంటాను. రెండో రోజు కొంటాను. రాత్రి నిద్రపోయాక కూడా గుర్తున్నవి ఎప్పుడూ నాలుగైదు మించవు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద మాత్రం ఈ నియమం పనికిరాదు, అక్కడ రేపటికి ఆ పుస్తకం ఉండదు.

కొనేముందు రుచి చూసే వీలు ఇప్పుడు చాలా ఉంది. కథకుల విషయంలో శ్రీకాకుళంలోని కథానిలయం పెద్ద దిక్కు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన ఆ గ్రంథాలయం సేకరించిన కథలు అంతర్జాలంలో కూడా చదవడానికి దొరుకుతాయి. సంపుటి కొనాలా వద్దా అన్నది ఒక కథ చదివితే తెలిసిపోతుంది. పాత పుస్తకాల స్కాన్ ప్రతులకు ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైటు ఉండనే ఉంది.

మీ ఊరి శాఖా గ్రంథాలయాన్నీ మరవకండి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. తెచ్చుకున్న పుస్తకానికి తిరిగి ఇచ్చే తేదీ ఉంటుంది, ఆ తేదీయే చాలా పుస్తకాలను పూర్తి చేయిస్తుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు గుమ్మం మరోలా ఉంటుంది. ఇంటికొచ్చి వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్లు, పొడులు పోగా మిగిలే చోటులో పుస్తకాలు పట్టాలి. మా చెల్లి ప్రతిసారీ వంటింటి తూకం మీద పుస్తకాలు తూచి, రెండు కిలోలకు మించకుండా పట్టుకెళ్తుంది. తనకు నేను చెప్పేది, ఈ-పుస్తకంగా దొరకనివే మోసుకెళ్లు, అందులోనూ రెండోసారి చదవాలనిపించేవే మోసుకెళ్లు అని.

ఒక పేరు కొత్తగా చేర్చేటప్పుడు ‘ఎందుకు’ అన్న వాక్యం అక్కడికక్కడే రాయాలి. రాయలేకపోతే చేర్చకూడదు. కొత్తది ముందు అటక మీదికే వెళ్తుంది, నెల తర్వాత కూడా లాగుతుంటే వరుసలోకి దిగుతుంది.

నెలకోసారి సర్దడం

నెలలో మొదటి ఆదివారం ఇరవై నిమిషాలు చాలు. చేతిలోని మూడింట్లో రెండు వారాలుగా కదలనిది ఏదో చూడండి, దాన్ని వరుసలోకి పంపి మరొకటి తీసుకోండి. అటక పేజీ పైనుంచి కిందికి ఒకసారి చదవండి. కారణం చల్లారినవి కొట్టేయండి. పూర్తి చేసినవాటి పక్కన తేదీ, మీలో మిగిలిన ఒక్క సంగతి రాయండి, మార్కులు మాత్రం వేయకండి.

ఏడాదికి రెండుసార్లు, నేనైతే వేసవిలో ఒకసారి, దసరాకు ఒకసారి, ఇదివరకు చదివి ఇష్టపడ్డ పుస్తకాన్ని మళ్లీ చదువుతాను. అది వరుసలో ఒక చోటు తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. పోయిన దసరాకు తీసిన పుస్తకంలో ఇరవై ఏళ్ల కిందట నేను పెన్సిలుతో గీసుకున్న గీతలు కనిపించాయి. ఈసారి నేను ఆగిన వాక్యాలు వేరు, వాటి కింద పెన్నుతో గీసి పక్కన సంవత్సరం వేశాను.